ఇంకో అర చుట్టు

నాలుగింటికే లేచి కూర్చుంది ఒపల్.
బూట్లు రాత్రే తలగడ పక్కన పెట్టుకుని పడుకున్న పిల్ల.
గేటు దగ్గర ట్రక్కు లైట్లార్పి దిగాం.
ఏప్రిల్ చివర. ఓజార్క్ కొండవాలు మీద
డాగ్‌వుడ్ పూలు, చీకట్లో
ఎవరో ఆరేసి మరిచిపోయిన చేతిరుమాళ్ళు.

ఆ విల్లు నాది.
పీపాల చెక్కలు కోసే మిల్లులో నా భుజం పోయాక
రెండేళ్ళు మేకుకి వేలాడింది.
మొన్న చలికాలం కొమ్ముల బోల్టులు నేనే వదులు చేశాను.
చుట్టు తర్వాత చుట్టు
నా బలమే కొంత కొంత దిగిపోతున్నట్టు,
పదకొండేళ్ళ చేతికి లొంగేదాకా.

గుడారంలో రెండు స్టూళ్ళు, ఒక ఫ్లాస్కు.
దాని మోచేతి మీద పాకుతున్న పిడుదును
మాట్లాడకుండా తీసి నలిపాను.

నా అరచేతిలో ఇమిడే గుండ్రటి పలక,
దాని మీద గీయడానికో పుల్ల.
బళ్ళో పలక మీద అక్షరం దిద్దుతారు.
నేను ఆడ టర్కీ గొంతు దిద్దుతున్నాను.
రెండు పొట్టి కూతలు, ఒక దీర్ఘం.
ఈ పలక మీద తప్పు రాస్తే చెరపడం కుదరదు,
అడవి అప్పటికే వినేసి ఉంటుంది.

గట్టు అవతల్నించి జవాబొచ్చింది,
గొంతులో గులకరాళ్ళు పోసుకుని ఎవరో నవ్వినట్టు.
ఒపల్ నా మోకాలు గిల్లింది.

వచ్చాడు దొర.
తోక విసనకర్రలా విప్పి, రెక్కల కొసలు నేల మీద ఈడుస్తూ,
ముహూర్తం దాటిపోయినా
తొందరపడని పెళ్ళికొడుకు.
తల ఒకసారి ఎరుపు, ఒకసారి నీలం, నడినెత్తిన సున్నం.
రొమ్ము మీద గుర్రపు తోకలోంచి తెంపినట్టు గడ్డం.
మేం పాతిన బొమ్మ పెట్ట చుట్టూ
ఒకటే ప్రదక్షిణాలు.

పదిహేను గజాలు.
ఒపల్ నారి చెంపదాకా లాగింది.

"వదులు" అన్నాను, పెదవులతోనే.
వదల్లేదు.
పుంజు పక్కకి తిరిగాడు, రెక్క మొదలు సరిగ్గా మా వైపు.
"వదులు."
వదల్లేదు.
ఆ వణుకు నాకు తెలుసు,
మణికట్టులో పుట్టి దవడదాకా పాకుతుంది.
ముప్ఫై లెక్కపెట్టాను.
నిజం చెప్పాలి, కోపమొచ్చింది నాకు.
ఆ చేతులు నావే అనుకుంటున్నాను అప్పటికి.
కొట్టాల్సింది నేనే అనుకుంటున్నాను.

అది నారిని వెనక్కి పోనిచ్చింది,
నిద్రపోయే పసిదాన్ని మంచం మీద దించినట్టు, మెల్లగా.
అయినా చూశాడు. మెడ సాగింది.
ఒక్క ముక్క కూత, అంతే,
ఎండాకుల మీద కాళ్ళ చప్పుడు.
ఒక జత కాళ్ళు కాదు, రెండు.

"వెనక పెట్ట ఉంది నాన్నా.
బాణం వాణ్ణి దాటి వెళ్ళుండేది."

నేను చూడలేదు.
ముప్ఫై వసంతాలుగా ఈ వాలు మీద కూర్చుంటున్నవాణ్ణి,
గడ్డం చూశాను, రంగులు చూశాను.
ఎండుగడ్డిలో ఎండుగడ్డిలా నిలబడ్డదాన్ని
చూడలేదు.

ఏం చెప్పాలో తోచక ఫ్లాస్కు మూత తిప్పాను.
కాఫీ ఇచ్చాను, మొదటిసారి.
మొహం చేదుగా పెట్టి, మొత్తం తాగింది.

దిగేటప్పుడు ఎల్మ్ చెట్ల కింద
తేనెపట్టుల్లాంటి పుట్టగొడుగులు దొరికాయి.
టోపీ నింపుకుంది.
వాటి గురించే మాట్లాడింది దారంతా,
వెన్నలో వేయించాలని, నానమ్మకి సగమివ్వాలని.
పక్షి ఊసే లేదు.
నేనే తిరిగి తిరిగి అక్కడికి వెళ్తున్నాను, మనసులో,
ఆ వదలని బాణం వెంట,
అది వెళ్ళుండే దారిలో.

గేటు దగ్గర విల్లు నా చేతికిచ్చింది.
"బోల్టు ఇంకో అర చుట్టు బిగించు నాన్నా."
"చెయ్యి వణికింది కదే?"
"వణికితే ఏం? ఆగింది కదా."

రెంచి సీటు కిందే ఉంది.
ఇంటికెళ్ళాక చూద్దాంలే అన్నాను.